ఇంజను పడిపోతోందా, బండి ఆగిపోతోందా?

“బండి లాగట్లేదు మేస్త్రిగారూ” అంటూ ఎవరు షెడ్డు గుమ్మం ఎక్కినా మా మేస్త్రిగారు వెంటనే పానా అందుకునేవారు కాదు. వచ్చినవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, “లోడు పడ్డప్పుడు ఇంజను పడిపోతోందా, లేకపోతే ఇంజను బాగానే తిరుగుతూ బండి ఆగిపోతోందా?” అని అడిగేవారు. సగం మందికి చప్పున జవాబు తోచేది కాదు. “రెండూ ఒకటే కదండీ, పనవ్వట్లేదు” అనేవారు. ఒకటి కాదు అబ్బాయ్. ఇంజను పడిపోతే జబ్బు ఇంజనులో ఉంది, లేదా దాని మీద మోయలేనంత బరువు పడుతోంది. ఇంజను పడకుండా బండి ఆగిందంటే, పుట్టిన బలం చక్రం దాకా చేరకుండా మధ్యలో ఎక్కడో జారిపోతోంది. ఈ సంగతి తేల్చకుండా బోల్టు వదులు చేస్తే రైతు డబ్బూ పోతుంది, అదనూ పోతుంది.

నువ్వు కాకినాడలో పాలిటెక్నిక్ చదివావు. మిషన్ల లోపలి బొమ్మలు నాకన్నా నీకే బాగా తెలుసు. అయినా విను. ఆ కొబ్బరి డొక్కలు ఇంకో రెండు మంటలో పడెయ్. మీ బాబాయ్‌కి ఆ చాప ఇలా జరుపు, పొగ అటే పోతోంది.

మా చిన్నప్పుడు దమ్మంటే దున్నపోతులే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నించీ ఇక్కడి సేద్యమంతా కాలవ నీటి లెక్క మీదే నడుస్తోంది. జూన్‌లో కాలవలు వదులుతారు. నీళ్ళు శివారు దాకా దిగేసరికి ఆకుమడి సిద్ధంగా ఉండాలి, వెంటనే దమ్ము, వెంటనే ఊడ్పు. అది వెనకబడితే సార్వా కోతలు నవంబరు తుపాన్ల నోట్లో పడతాయి. దాళ్వా కూడా వెనక్కి జరిగి, కాలవలు కట్టేసే వేళకి ఆఖరి తడి అందదు. అందుకని ఊరందరికీ దమ్ము ఒక్కసారే కావాలి. అలాంటి రోజుల్లో ట్రాక్టరు పడకేసిందంటే ఆ ఇంట్లో అన్నం సహించేది కాదు. రైతు మా షెడ్డు దగ్గరే తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు.

నేను రాజమండ్రిలో, కంబాలచెరువు దగ్గర షెడ్డులో పనికి చేరేనాటికి ట్రాక్టర్లు డెల్టాలోకి ఒకటొకటిగా దిగుతున్నాయి. మద్రాసులో 1960లో టాఫే పెట్టారు, మాసీ ఫెర్గూసన్లు అక్కణ్ణించి వచ్చేవి. 1963 తర్వాత బొంబాయి నించి ఇంటర్నేషనల్ బి-275లు. బెంగుళూరు వాళ్ళు 1967లో జపాను మిత్సుబిషితో కలిసి పవర్ టిల్లర్ల కంపెనీ పెట్టారు. 1971 నించి పింజోరు హెచ్‌ఎంటీలు, 25 గుర్రాల బళ్ళు. ఏ బండికైనా మన నేలలో పడే కష్టం ఒక్కటే. పొడి నేల దున్నడానికి పుట్టిన బండి మన నల్ల బురదలో ఇరుసు దాకా దిగబడేది. రబ్బరు చక్రాల స్థానంలో ఇనప కేజ్ చక్రాలు బిగించి దించేవాళ్ళం. అందుకే బలం తగ్గిందన్న మాట మన దగ్గర వినిపించినంతగా మెట్ట ఊళ్ళలో వినిపించదు. అక్కడ కొంచెం బలం తగ్గినా బండి నడిచిపోతుంది. దమ్ములో అలా కుదరదు, బండి ఎంతపాటిదో మొదటి సాలులోనే బయటపడుతుంది.

ఒక సంక్రాంతి ముందు సంగతి చెబుతాను. అప్పట్లో కుప్పనూర్పిడి ట్రాక్టరుతోనే. కల్లంలో పనలు పరిచి, రాత్రంతా ట్రాక్టరు గుండ్రంగా తిరిగేది. చలికి రైతులు ఎండుగడ్డి మంటేసుకుని చుట్టూ కూర్చునేవాళ్ళు, ఇప్పుడు మనం కూర్చున్నట్టే. ద్రాక్షారామం దగ్గర ఒక కల్లంలో బండి రెండు రాత్రులుగా నల్లపొగ కక్కుతోందని కబురొస్తే మేస్త్రిగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. అప్పటికే ఎవరో నాజిల్స్ పోయాయని చెప్పారట. రైతు డబ్బు కూడా సర్దుకుని ఉన్నాడు.

మేస్త్రిగారు బండి దగ్గరికి పోకుండా కల్లం ఒడ్డున నుంచుని విన్నారు. పనల మీదికి ఎక్కినప్పుడల్లా ఇంజను గొంతు దిగిపోతోంది, పొగగొట్టం లోంచి బొగ్గులాంటి పొగ. “ఇంజను పడిపోతోంది, పొగ నల్లగా ఉంది. డీజిలు అందుతోంది, గాలి అందట్లేదు” అన్నారు. నాతో ఎయిర్ క్లీనరు కింద గిన్నె విప్పించారు. అప్పటి బళ్ళకి ఆయిల్ బాత్ క్లీనరే కదా, లోపలికి పోయే గాలి గిన్నెలో ఉన్న ఆయిలు మీదుగా పోతూ దుమ్ముని అక్కడ వదిలేసి, తీగ జల్లెడ లోంచి పైకెక్కాలి. నేను గిన్నె దించేసరికి అందులో ఆయిలు లేదు. గీత దాటి పైదాకా నల్లటి ముద్ద, అందులో ధాన్యపు నూగు, పొల్లు, గడ్డి తునకలు. కర్రతో గుచ్చితే కర్ర నిలబడింది. పైన జల్లెడ కూడా అదే ముద్దతో మూసుకుపోయింది.

ఇంత చూశాక కూడా ఆయన తేల్చెయ్యలేదు. ఇంజనుకి వెళ్ళే గాలి గొట్టాన్ని క్లీనరు దగ్గర ఊడదీసి, బండిని కల్లం బయటికి తీయించి, శుభ్రమైన చోట ఒక్క నిమిషం రేజు చేయించారు. పొగ తేలిపోయింది, గొంతు నిలబడింది. “ఇప్పుడు ఒప్పుకుంటాను” అన్నారు. ఆ ఒక్క నిమిషం దాటి అలా తిప్పనివ్వలేదు. దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోతే రింగులూ లైనర్లూ అరిగి, ఉత్తినే బాగయ్యే బండి నిజంగానే చచ్చిపోతుంది. గిన్నె డీజిలుతో కడిగి, కొత్త ఆయిలు గీత దాకా పోసి, జల్లెడ ఉతికి బిగించాం. నాజిల్స్‌కని సర్దిన డబ్బు రైతు జేబులోనే ఉండిపోయింది. ఆ తెల్లారి ఆయన ఇంట్లో మాకు అరిసెలు పెట్టారు.

పొగ చెప్పే మాట నేర్చుకో అబ్బాయ్. ఇంజను పడిపోతూ నల్లపొగ వస్తే గాలి తక్కువైనట్టు, లేదా బరువు మరీ ఎక్కువైనట్టు. పొగే లేకుండా పడిపోతే డీజిలు చాలట్లేదు. నీలంపొగైతే ఇంజనాయిలు కాలుతోంది. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిలు సరిగ్గా మండట్లేదనుకోవాలి, నాజిలూ టైమింగూ కంప్రెషనూ వరసగా చూడాలి. ఆ తెల్లదనం నీటి ఆవిరైతే సంగతి వేరు, హెడ్ గాస్కెట్ మీద అనుమానపడి రేడియేటర్లో నీళ్ళు తగ్గుతున్నాయేమో చూసుకోవాలి.

పొగ లేకుండా పడిపోయే బండి కథ ఒకటుంది. అది దమ్ములో జరిగింది, తణుకు వైపు. పొద్దున్న దిగిన బండి గంట సేపు చక్కగా చేసేది. తర్వాత నెమ్మదిగా బలం తగ్గిపోయేది. డ్రైవరు విసిగిపోయి ఆపి, గట్టు మీద చద్దన్నం తిని వచ్చి స్టార్టు చేస్తే మళ్ళీ మామూలే. ఇంకో గంటకి మళ్ళీ అంతే. డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చారు, గాలి తీశారు, పంపు రాజమండ్రి పంపి టెస్టు చేయించారు. పంపు బాగానే ఉందని తిరిగొచ్చింది. దాంతో బండికి దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టారు.

మేస్త్రిగారు గట్టు మీద కూర్చుని బండి బలం తగ్గేదాకా ఆగారు. తగ్గిన క్షణాన చెయ్యెత్తి, “ఆపకు, టాంకు మూత వదులు చెయ్యి” అని కేకేశారు. డ్రైవరు మూత తిప్పగానే స్‌స్‌మని గాలి లోపలికి పోయింది. కాసేపట్లోనే ఇంజను గొంతు విప్పింది. మూత మీద సన్న చిల్లు ఉంటుంది, డీజిలు తగ్గేకొద్దీ దాని స్థానంలోకి గాలి రావడానికి. ఆ చిల్లు మీద దమ్ము బురద పడి ఎండిపోయింది. డీజిలు బయటికి పోతోంది, గాలి లోపలికి రావట్లేదు, టాంకు లోపల పీడనం పడిపోయి డీజిలుని బయటికి వదలట్లేదు. డ్రైవరు అన్నం తినేలోపు ఆ సందూ ఈ సందూ నించి కాస్త గాలి చేరి సర్దుకునేది. చీపురుపుల్లతో చిల్లు పొడిచి వచ్చేశాం. నీ చదువుకి ఇది చాలా చిన్న విషయంలా ఉంటుంది. కానీ గంట పనిచేసి ఆగి, విరామం ఇస్తే మళ్ళీ పనిచేసే ఇంజను ఏదైనా నీ ముందుకొస్తే పంపు విప్పకముందు మూత విప్పు.

ఇక రెండో రకం, ఇంజను బాగానే తిరుగుతూ బండి ఆగిపోయేది. ఆ రోజుల్లో అది తొంభై పాళ్ళు క్లచ్చే. దిగబడిన బండిని పైకి లాగడానికి డ్రైవర్లు క్లచ్ సగం నొక్కి ఆడించేవాళ్ళు, ప్లేటు కాలి మాడు వాసన వచ్చేది. దాన్ని తేల్చడానికి మేస్త్రిగారు చేసే పరీక్ష ఇది. చదును నేల మీద ముందు ఎవరూ లేకుండా చూసి, బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదలడం. ఇంజను ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఒక్కసారి చాలు, పదిసార్లు చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలుతుంది.

అదీ సంగతి, మా కాలపు విద్య అంతే అనుకునేవాళ్ళం. తర్వాత కోత మిషన్లు వచ్చాయి.

కూలీలు దొరకడం కష్టమైంది, ఖర్చు పెరిగింది, ధర పెరగలేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టేదాకా వచ్చింది. కోతకి మనుషులు లేక రైతు మిషను వైపు చూశాడు. టైరు మిషను మన తడి చేలో నిలవదు, చైను మిషను కావాలి. అలా జపాను కంపెనీల చైను మిషన్లు వచ్చాయి. వాటితోపాటే హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్, మన కుర్రాళ్ళు ‘హెచ్చెస్టీ’ అంటారే, అది కూడా మా చేతికొచ్చింది. ఇందులో క్లచ్ తొక్కి గేరు మార్చే పని లేదు. చేతిలో ఒక లివరు, ముందుకి నొక్కితే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి, మధ్యలో పెడితే ఆగుతుంది. మడి మూలల్లో నిమిషానికోసారి వెనక్కీ ముందుకీ వెళ్ళాల్సిన పనికి అంతకన్నా హాయి ఇంకోటి లేదు.

ఈ విద్య కొత్తదేం కాదు. 1900 దాటిన కొత్తల్లోనే అమెరికాలో జానీ, విలియమ్స్ అనే ఇద్దరు యుద్ధనౌకల మీద ఫిరంగులు తిప్పడానికి ఇలాంటి ఆయిలు డ్రైవు తయారుచేశారు. ఇంగ్లండులో సిల్సో పరిశోధనశాల వాళ్ళు 1954లో ట్రాక్టరుకి పెట్టి చూశారు. 1967లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తన 656 ట్రాక్టరుకి పెట్టి అమ్మింది. మన చేలోకి దిగేసరికి అంత కాలం పట్టింది.

లోపల జరిగేది చెబుతాను. కాలవ మీద ఆయిలింజను పెట్టి నీళ్ళు తోడి, ఆ నీటి ధారనే ఒక చక్రం రెక్కల మీదికి కొట్టించి చక్రం తిప్పితే ఎలా ఉంటుందో ఊహించుకో. ఇక్కడ నీళ్ళకి బదులు ఆయిలు, అదీ రెండు గొట్టాల మధ్య మూసిన దారిలో తిరుగుతూ ఉంటుంది. ఇంజను పిస్టన్ల పంపుని తిప్పుతుంది, పంపు ఆయిలుని మోటారు మీదికి తోస్తుంది, మోటారు చక్రాల్ని తిప్పుతుంది. పంపులో వాలుగా ఒక పలక ఉంటుంది. నువ్వు లివరు జరిపితే ఆ పలక వాలు మారుతుంది. వాలు ఎక్కువైతే పిస్టన్లు ఎక్కువ దూరం జరిగి ఎక్కువ ఆయిలు పోతుంది, బండి వేగంగా పోతుంది. బరువు పడినప్పుడు ఆ దారిలో పీడనం చదరపు అంగుళానికి 3,000 పౌండ్లు దాటుతుంది. అంత ఒత్తిడికి కొంచెం ఆయిలు సందుల్లోంచి కారక మానదు. కారినంతా మళ్ళీ నింపడానికి పక్కనే ఒక చిన్న చార్జి పంపు ఉంటుంది. ఇంజను ఇచ్చిన పది గుర్రాల్లో ఒకటో రెండో ఇలా దారిలోనే వేడిగా పోతాయి. అది జబ్బు కాదు, దాని స్వభావం. గేరు బండితో పోల్చి దీనికి బలం తక్కువ అనేవాళ్ళు ముందు ఆ మాట తెలుసుకోవాలి.

చిక్కల్లా ఏమిటంటే, దీన్ని చూసి మా వాళ్ళు చాలామంది బెదిరిపోయారు. బలం తగ్గిందంటే చాలు, ఒకడు డీజిల్ పంపు అంటాడు, ఇంకొకడు హెచ్చెస్టీ మొత్తం మార్చాలంటాడు. రెండూ రైతు గుండె ఆగే ఖర్చులే. నాకు అప్పుడూ ఇప్పుడూ కోపం తెప్పించేది అదే. మిషను కొన్నవాడు అప్పు మీద కొన్నాడు, కోత కాలం నెలా నెలన్నర, ఆ కాస్తలో కిస్తీ రావాలి. అలాంటివాడికి వినకుండా చూడకుండా లక్ష రూపాయల మాట చెప్పడం పాపం.

2013 నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన స్వర్ణ, అదే మారుటేరు పరిశోధనశాల 1982లో ఇచ్చిన ఎం.టి.యు. 7029, మన రెండు గోదావరి జిల్లాల్లోనూ చాప చుట్టినట్టు పడిపోయింది. నీళ్ళు దిగగానే మిషన్ల కోసం రైతులు కొట్టుకున్నారు. మొలకలెత్తకముందే కొయ్యాలి. ఆలమూరు అవతల ఒక చైను మిషను రెండు మళ్ళు కోసి మూడో మడిలో నడవనంది. మెకానిక్ వచ్చి డీజిల్ పంపు దించాలన్నాడు. మిషను ఓనరు మా మేనల్లుడికి తెలిసినవాడు, నన్ను కారెక్కించి తీసుకెళ్ళాడు.

నేను గట్టు మీద నుంచుని, కొయ్యమన్నాను. మిషను పడిపోయిన చేలోకి వెళ్ళింది, నాలుగు బారలు నడిచి నిలబడిపోయింది. ఇంజను గొంతు మాత్రం ఇసుమంత దిగలేదు. మీటరు చూడమంటే ముల్లు కదల్లేదన్నాడు డ్రైవరు. “డీజిల్ పంపు జోలికి ఎవరూ వెళ్ళకండి” అన్నాను. మెకానిక్ కుర్రాడు నావైపు అదోలా చూశాడు. తర్వాత కోత బల్ల పైకెత్తి, నూర్చే క్లచ్ విడదీసి, ఉత్త మిషనుని గట్టు ఎక్కించమన్నాను. గడ్డి బరువు వల్ల ఆగుతోందా, నడకే సరిగా లేదా అన్నది తేలాలి కదా. గట్టు దగ్గరా అంతే. ఇంజను హాయిగా తిరుగుతోంది, చైన్లు కదలట్లేదు. సన్నగా కీచుమనే చప్పుడు, రబ్బరు వాసన.

ఇంజను ఆపి, తాళం చెవి నా జేబులో వేసుకుని, రేకు విప్పించాను. చాలా కోత మిషన్లలో ఇంజను నించి హెచ్చెస్టీ పంపుకి బలం బెల్టు మీదే వెళ్తుంది. ఆ బెల్టు పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. రేకు లోపలంతా నల్లటి రబ్బరు పొడి. పుల్లీ దగ్గరికి చెయ్యి తీసుకెళ్తేనే సెగ కొట్టింది, హెచ్చెస్టీ డబ్బా మాత్రం గోరువెచ్చగా ఉంది. జబ్బు పంపు లోపల ఉంటే వేడంతా ఆ డబ్బాలో ఉండాలి. పుల్లీలో ఉందంటే జారేది బెల్టే. బెల్టుని బిగించి పట్టే పుల్లీ చెయ్యి ఇరుసు దగ్గర తడి గడ్డీ బురదా పట్టి బిగుసుకుపోయింది. స్ప్రింగు లాగుతున్నా అది కదలట్లేదు. ఇరుసు కడిగి, గ్రీజు పెట్టి, కొత్త బెల్టు తెప్పించి వేశాం. చీకటి పడేలోపు ఆ మడీ పక్క మడీ కూడా కోశారు. ఆ మెకానిక్ కుర్రాడే బెల్టు వేశాడు, చక్కటి చెయ్యి. వాడికి లేనిది ముందు ఏది చూడాలన్న వరస, అంతే.

ఆ వరస నీకూ చెబుతాను. ఇంజను పడకుండా హెచ్చెస్టీ బండి ఆగితే, ముందు బయటివి. బెల్టున్న చోట బెల్టు, షాఫ్టున్న చోట దాని కప్లింగు. తర్వాత లివరు నించి పలక దాకా ఉన్న కడ్డీలు. ఏదో నట్టు వదులై లివరు చివరిదాకా నొక్కినా పలక సగమే వాలుతుంటే ఆ మిషనుకి బలం కాదు, వేగం తగ్గుతుంది. రెంటికీ తేడా పోల్చుకోవాలి. ఆ తర్వాత ఆయిలు. మట్టం చూడు, రంగు చూడు. పాలరంగైతే నీళ్ళు కలిశాయి, తుపాను తర్వాత ఇది మామూలే. నురగైతే పీల్చే గొట్టంలో ఎక్కడో గాలి చొరబడుతోంది. ఆ తర్వాత ఫిల్టరు. మూసుకుపోతే చార్జి పంపుకి ఆయిలు అందక ఏడుపు గొంతుతో మూలుగుతుంది, పొద్దున్నే చలిలో ఆయిలు చిక్కగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ.

పొద్దున్న బాగానే ఉండి ఎండెక్కేకొద్దీ బలం తగ్గుతుంటే లెక్క వేరు. ఆయిలు వేడెక్కి పల్చబడుతోంది, పంపు లోపల సందులు పెద్దవైతే పల్చటి ఆయిలు అందులోంచి వెనక్కి జారిపోతుంది. అప్పుడు కూడా ముందు చల్లార్చే జాలీల్లో గడ్డి దుమ్ము ఇరుక్కుందేమో చూడు, ఎవరైనా చౌకగా దొరికిందని వేరే ఆయిలు పోశారేమో అడుగు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలి, గేజి పెట్టి చార్జి పీడనం చూసి, అప్పటికీ బలం లేకపోతేనే పంపు మాట ఎత్తు. ఎత్తినా చేలో విప్పకు. ఆ పిస్టన్లకీ గూళ్ళకీ మధ్య సందు వెంట్రుక కన్నా సన్నం. ఒక్క ఇసుక రేణువు పడితే గీత పడుతుంది, ఆ గీత ఇంక పోదు. ఇంకో మాట, ఆయిలు కారే గొట్టాన్ని చేత్తో తడమకు. ఆ ఒత్తిడిలో సన్న ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసెయ్యాల్సి వస్తుంది. అట్టముక్క అడ్డంపెట్టి చూడు.

కిందటి సంక్రాంతికి మా మేనకోడలి కొడుకు ఫోన్ చేశాడు. నార్త్ కరోలినాలో రాలీ పక్కన కొండవాలు మీద స్థలం కొన్నాడు, మన వైపు నేలకి ఏమీ పోలిక లేని ఎర్రమట్టి. కూరపాదులకి మడులు కడదామని 25 గుర్రాల చిన్న ట్రాక్టరు కొన్నాడు, ముందు తొట్టి ఉన్నది, హెచ్చెస్టీదే. దీనికి లివరు బదులు కాలి పెడలు. “తాతయ్యా, తొట్టిలో మట్టి నింపి ఎత్తు ఎక్కిస్తుంటే బలం చాలట్లేదు, హెచ్చెస్టీ పోయిందంటున్నారు, బాగుచేయించడం కన్నా కొత్తది కొనడం నయమట” అన్నాడు. వీడియో తీసి పంపమన్నాను. తీసేటప్పుడు ఎవరూ మాట్లాడొద్దన్నాను.

విన్నాను. ఎత్తు మొదలవగానే ఇంజను గొంతు దిగిపోతోంది, ఆగిపోయేంతగా కుంగుతోంది. అక్కడే సగం నిశ్చింత కలిగింది. హెచ్చెస్టీ అరిగిపోతే ఆయిలు లోపలే జారిపోయేది, ఇంజను మీద అంత బరువు పడేది కాదు. ఇంజనుని కుంగదీసేంత గట్టిగా పట్టుకుందంటే అది బాగున్నట్టే. పెడలు ఎంత తొక్కుతున్నావని అడిగాను. “మొత్తం తొక్కేస్తున్నా తాతయ్యా, బలం కావాలి కదా” అన్నాడు.

కారు అలవాటు. కారులో తొక్కితే ఇంజనుకి బలం పెరుగుతుంది. ఇక్కడ తొక్కితే పలక వాలు పెరుగుతుంది, అంటే పై గేరు వేసినట్టు. ఎత్తు మీద పై గేరులో ఏ బండైనా కుంగుతుంది. బరువు పడ్డప్పుడు కాలు వెనక్కి తియ్యాలి. అప్పుడు కింద గేరు పడినట్టు నెమ్మదిగా, గట్టిగా లాగుతుంది. పైగా వాడు రేంజి లివరు ఎక్కువలో పెట్టాడు, చేతి యాక్సిలరేటరు సగంలో ఉంచాడు, చప్పుడుకి పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని. చిన్న ఇంజను దాని పూర్తి తిరుగుడులోనే పూర్తి బలం ఇస్తుంది, సగంలో ఉంచితే సగం గుర్రాలు ఇంట్లోనే ఉండిపోతాయి. రేంజి తక్కువలో పెట్టి, యాక్సిలరేటరు పైకి లాగి, కాలు సగమే తొక్కి ఎక్కమన్నాను. తొట్టి నేలకి దగ్గరగా ఉంచుకోమని కూడా చెప్పాను, వాలులో తొట్టి పైకెత్తితే బండి బోర్లా పడుతుంది. ఎక్కింది.

అయినా వదల్లేదు. గంటల మీటరు ఎంతుందని అడిగాను. కొత్త హెచ్చెస్టీ బండికి మొదటి ఫిల్టరు సాధారణంగా 50 గంటలకే మార్చాలి. వాడిది అది ఎప్పుడో దాటిపోయింది. ఫిల్టరు విప్పి, లోపలి కాగితం మడతలు కోసి తెల్లగుడ్డ మీద పరిచి ఫోటో పంపమన్నాను. సన్నటి ఇనప పొడి కనపడింది, కొత్త గేర్లు ఒరుసుకున్నప్పుడు రాలేది. ఇత్తడి రంగు రేకులు ఉన్నాయేమోనని ఫోటో పెద్దది చేసి మూల మూలా వెతికాను. పిస్టన్ల అడుగున ఇత్తడి పాదాలుంటాయి, అవి అరుగుతుంటే మొదట ఫిల్టరులోనే బయటపడతాయి. ఒక్కటీ లేదు. కొత్త ఫిల్టరు బిగించి, కంపెనీ పుస్తకంలో రాసిన ఆయిలే గీత దాకా పోసి, మడులు కట్టుకోమన్నాను.